ఎన్జీవోలో హెచ్‌ఆర్ కెరీర్: జీతం ప్రపోజల్ రాసిన రోజే తేలిపోతుంది

"ఐటీ కంపెనీలో కొన్నేళ్ళు రిక్రూట్‌మెంట్ చేశాను, ఇప్పుడు స్వచ్ఛంద సంస్థల్లో నియామకాలు, జీతాలు, ప్రమోషన్లు న్యాయంగా జరిగేలా చూసే పనిలోకి రావాలనుంది, అది కెరీర్‌గా నిలబడుతుందా" అని మీరు అడిగారు. నిలబడుతుంది. కాకపోతే మీరనుకుంటున్న చోట ఆ పని ఉండదు. హైదరాబాద్‌లో హెడ్డాఫీసు, జిల్లాల్లో ఫీల్డు ఉన్న సంస్థల్లో చాలాకాలం ఈ పని చేశాను కాబట్టి చూసింది చెప్తాను.

ఎన్జీవోలో జీతాన్ని హెచ్‌ఆర్ నిర్ణయించదు. నిధుల కోసం డోనర్‌కు పంపే ప్రపోజల్ రాసిన రోజే ఎక్సెల్‌లో ఒక లైనుగా అది తేలిపోతుంది. రాసేది ప్రోగ్రాం వాళ్ళు, సరిచూసేది అకౌంట్స్ వాళ్ళు. నిధులు శాంక్షనయ్యాక "ఈ జీతానికి మనిషిని వెతకండి" అని ఫైలు మన దగ్గరికి వస్తుంది. దాని ఫలితం ఎలా ఉంటుందంటే, ఒకే మండలంలో ఇద్దరు అమ్మాయిలు ఒకే పని చేస్తుంటారు. సంఘం మీటింగులు, ఇంటింటి సర్వే, నెలాఖరు రిపోర్టు, అంతా ఒకటే. ఒకరి ప్రాజెక్టు విదేశీ నిధులది, ఇంకొకరిది సీఎస్ఆర్‌ది, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే డబ్బుది. జీతాల్లో మాత్రం వేలల్లో తేడా. అడిగితే "డోనర్ బడ్జెట్ అంతేనమ్మా" అంటారు.

అందుకే మీరు ఏ సంస్థలో చేరినా మొదట చేయాల్సింది ప్రాజెక్టులతో సంబంధం లేని ఒక గ్రేడ్ పట్టిక. ఏ పనికి ఎంత, అనుభవానికి ఎంత అని తేల్చి బోర్డు చేత ఆమోదం వేయించండి. ఆ తర్వాత ఏ ప్రపోజల్ వెళ్ళినా జీతాలు ఆ పట్టిక ప్రకారమే వెళ్ళాలి. డోనర్ తక్కువ ఇస్తానంటే మనుషుల సంఖ్య తగ్గించి చూపించాలి గానీ జీతం తగ్గించకూడదు. ప్రోగ్రాం మేనేజర్లు మీ మీద మండిపడతారు. పడనివ్వండి.

బడ్జెట్ గురించి మాట్లాడాలంటే కొంచెం చట్టం రావాలి. 2020 సవరణతో ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నిధుల్లో పరిపాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి దిగింది. నాకు తెలిసిన సంస్థల్లో ముందు కోత పడింది హెచ్‌ఆర్, ట్రైనింగ్ పోస్టులకే. అయితే ఆసుపత్రిలో డాక్టర్ జీతం, బడిలో టీచర్ జీతం లాంటివి, అంటే సంస్థ ఆశయం కోసం నేరుగా పెట్టే ఖర్చు, ఆ 20 శాతం లెక్కలోకి రాదు. ఇది తెలియక భయంతో కోసినవాళ్ళు ఉన్నారు. సీఎస్ఆర్‌లో ఉన్న 5 శాతం పరిమితి కూడా కంపెనీ సొంత పరిపాలనా ఖర్చుకే, ప్రాజెక్టును అమలుచేసే సంస్థకు కాదు. దీన్ని కంపెనీ ప్రతినిధులే మీటింగులో తప్పుగా చెప్పడం విన్నాను. రూల్ ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోండి, పనికొస్తుంది.

పదకొండు నెలల కాంట్రాక్టులు, "గౌరవ వేతనం" పేరుతో ఇచ్చే జీతాలు, మార్చి 31కి ఆపేసి ఏప్రిల్లో మళ్ళీ తీసుకోవడం, ఇవన్నీ చూస్తారు. 2025 నవంబర్ 21 నుంచి లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం ఫిక్స్‌డ్ టర్మ్ (నిర్ణీత గడువుకు తీసుకున్న) ఉద్యోగికి గ్రాట్యుటీ రావడానికి ఏడాది సర్వీసు చాలు, పాత లెక్కన ఐదేళ్ళు ఆగక్కర్లేదు. ప్రాజెక్టు స్టాఫ్‌కి ఇది పెద్ద విషయం. ఆ డబ్బు కూడా ప్రపోజల్లో ముందే ఒక లైనుగా పడాలి, లేకపోతే చివర్లో ఇవ్వడానికి ఎక్కడా ఉండదు.

ఇక నియామకాలు. ఫీల్డ్ పోస్టు ప్రకటనలు నాలుగు తీసి చదవండి. "టూ వీలర్, లైసెన్స్ తప్పనిసరి" అని ఉంటుంది. ఆ ఒక్క లైనుతో సగంమంది ఆడపిల్లలు అప్లికేషనే పెట్టరు. మేము దాన్ని తీసేసి, బస్సు లేదా షేర్ ఆటో ఖర్చు బడ్జెట్లో పెట్టాం. రెండో అడ్డు ఇంగ్లీషు. గోండి, లంబాడీ మాట్లాడే తండాలకూ గూడేలకూ వెళ్ళాల్సిన మనిషికి ఇంగ్లీషులో ఇంటర్వ్యూ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. దాని బదులు ఒక ఉత్తుత్తి సంఘం మీటింగ్ పెట్టి నడపమన్నాం, జరిగింది తెలుగులో అర పేజీ రాయమన్నాం. ప్యానెల్లో ఎవరి మార్కులు వాళ్ళు ముందే వేసి కవర్లో పెట్టాలి, చర్చ ఆ తర్వాతే. "మన సర్ పంపిన అబ్బాయి" అనే మాట దానితో పూర్తిగా ఆగలేదు గానీ బాగా తగ్గింది.

ప్రమోషన్లదీ ఇదే కథ. ఊళ్ళో పదేళ్ళు తిరిగిన కార్యకర్త అక్కడే ఉంటుంది, ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేసి నిన్న వచ్చిన కుర్రాడు ఆమెకు సూపర్‌వైజర్ అవుతాడు. కోఆర్డినేటర్ పోస్టుకు డిగ్రీకి బదులు ఇన్నేళ్ళ ఫీల్డు అనుభవం చాలని నియమం రాయించండి.

లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీని చట్టం కోసం కాగితం మీద పెట్టి వదిలేస్తారు. కనీసం పది మంది పనిచేసే చోట అది తప్పనిసరి, ఎన్జీవోలకు మినహాయింపు లేదు. పని మీద వెళ్ళిన ఏ ఊరైనా చట్టం దృష్టిలో పని స్థలమే. అసలు 1997 నాటి విశాఖ మార్గదర్శకాలు వచ్చిందే రాజస్థాన్‌లో గ్రామస్థాయి కార్యకర్తగా పనిచేసిన భన్వరీ దేవి కేసు వల్ల. అలాంటిది ఇప్పటికీ కమిటీ హెడ్డాఫీసులో, ఇంగ్లీషు పోస్టర్ మీద కూర్చుని ఉంటుంది. ఫోన్ నంబర్లు తెలుగులో ప్రతి ఫీల్డ్ ఆఫీసు గోడ మీదా ఉండాలి, కమిటీలో ఫీల్డ్ మహిళ ఒకరుండాలి.

జీతం మాటకొస్తే, ఐటీలో మీకు వచ్చేదానికి సగం దాకా దిగాల్సి రావచ్చు. ఇంట్లో ఈఎంఐలుంటే ముందు ఆ లెక్క చూసుకోండి. కొత్త డిగ్రీ అవసరం లేదు. సోషల్ వర్క్, గ్రామీణ మేనేజ్‌మెంట్ నేర్పే టిస్, ఇర్మా లాంటి చోట్ల చదివినవాళ్ళతో పోటీ ఉంటుంది గానీ, రిక్రూట్‌మెంట్ తెలిసి బడ్జెట్ షీటు చదవగలిగినవాళ్ళు ఈ రంగంలో తక్కువ.

ఇంటర్వ్యూలో మీరూ ఒకటి అడగండి: ఇక్కడ అందరికంటే తక్కువ జీతం ఎవరిది, అది ఆఖరిసారి ఎప్పుడు పెరిగింది? డైరెక్టర్ గారు కాస్త ఇబ్బంది పడైనా అంకె చెప్తే చేరొచ్చు. "మా దగ్గర అందరూ సేవాభావంతో పనిచేస్తారండీ" అంటే నేనైతే చేరను.