వాన పడ్డ మర్నాడే బోరు నీళ్లు ఎర్రగా వస్తే

వాన పడ్డ మర్నాడే మీ బోరు నీళ్లు ఎర్రగా వస్తున్నాయని, పక్కింటి బోరు మాత్రం తేటగా ఉందని, ఫిల్టరు పెట్టాలా అని అడిగారు. మీది నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గర నాపరాతి నేల అన్నారు కదా, బెలూం గుహలు ఏర్పడింది అలాంటి సున్నపురాతిలోనే. అందులో నీరు ఇసుకలోలా వడగట్టుకుంటూ దిగదు. పగుళ్లు కరిగి సొరంగాలైన చోట గంటకు పదుల మీటర్లు కూడా పరుగెడుతుంది, దారిలో మట్టినీ పేడనీళ్లనూ మోసుకొస్తుంది. పక్కింటి బోరు ఆ దారిలో లేదు, అందుకే తేటగా ఉంది.

ఫిల్టరు సంగతి తర్వాత. కేసింగ్ (బోరు గోడ కూలకుండా దించే పైపు) మెత్తమట్టి దాటి గట్టి రాతిలోకి దిగిందా చూడండి. దిగకపోతే లోపల ఇంకో కేసింగ్ దించి, దాని అడుగు మూసి, చుట్టూ ఖాళీలో సిమెంటు పాలు సన్న పైపుతో కింది నుంచి పైకి నింపించండి. పైనుంచి పోస్తే మధ్యలో సందులు మిగులుతాయి. అయినా ఎరుపు తగ్గకపోతే మట్టినీళ్లు వచ్చే దారి లోతులో ఉన్నట్టే. చేలో వాననీరు ఇంకిపోయే గుంత వెతికి, దాని దగ్గరి ఎరువు దిబ్బ తీసేయండి. తాగే నీళ్లు తేరాకే బ్లీచింగ్ కలపాలి, బురదలో అది వృథా. అరగంట తర్వాత లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి.