కొత్త డీజిల్ కారులో డీపీఎఫ్ లైట్ పదే పదే వెలుగుతుంటే

డీపీఎఫ్ అంటే డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్. అందులో చేరిన మసిని కారు అప్పుడప్పుడు తనే కాల్చేస్తుంది. ఆ కాలడం మొదలై సగంలోనే ఆగిపోతోంది, లైట్ రావడానికి చాలావరకు కారణం అదే. దీని గురించి అడిగినవారు 4 నెలల్లో 3 సార్లు లైట్ వచ్చిందన్నారు, కారు రోజూ కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకే తిరుగుతుందన్నారు. మసి కాలాలంటే సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. ఆ ట్రాఫిక్‌లో అది నిలవదు. అందుకే మసి పూర్తిగా కాలేలా ఖాళీ రోడ్డు మీద ఒకసారి నడపాలి.

1. ముందు డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ కొలిచే కడ్డీ) చూడండి. ఆయిల్ గరిష్ఠ గీత దాటితే అందులో డీజిల్ కలిసి ఉండొచ్చు. ఆయిల్ మార్పించాకే బయల్దేరండి.

2. ట్యాంకులో పావు వంతుకు పైగా డీజిల్ ఉంచి, పొద్దున్నే గచ్చిబౌలి దగ్గర ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కండి. శంషాబాద్ వైపు 70-80 కి.మీ. వేగంతో, ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) 2,000 పైన ఉండేలా 20-30 నిమిషాలు నడపండి.

3. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: ఇల్లు రాగానే ఇంజిన్ ఆపేస్తారు. బండి ఆగి ఉన్నా ఆర్‌పీఎం 1,000 దగ్గరే ఉందా? ఫ్యాన్ హోరుమంటోందా? కాలిన వాసన వస్తోందా? అయితే మసి ఇంకా కాలుతోంది. ఆపకుండా ఇంకో 10 నిమిషాలు బండి నడపండి. నేను రెండు నెలలు మా గేటు ముందే ఆపేసి చాలా టెన్షన్ పడ్డాను.

4. లైట్ మిణుకుమంటున్నా, ఇంజిన్ లైట్ కూడా వచ్చినా ఇవేవీ వద్దు, నేరుగా సర్వీస్ సెంటర్‌కే. కంప్యూటర్‌లో నమోదైన లోపం కోడ్ చెరిపేసి పంపితే ఒప్పుకోకండి. మసి ఎంత శాతం ఉందో చూపించమనండి, ఫిల్టర్ ప్రెషర్ సెన్సార్ చెక్ చేయించండి, రెండూ జాబ్ కార్డులో రాయించుకోండి. వారంటీకి అదే ఆధారం.