బుడగలు లేచాయి, హైడ్రోజన్ ఏది?

ప్రశ్న: ఎండతో నీళ్ల నుంచి హైడ్రోజన్ తీద్దామని యూరియాను మఫుల్ ఫర్నేస్‌లో (ఎక్కువ వేడినిచ్చే మూసిన కొలిమి) కాల్చి కార్బన్ నైట్రైడ్ పొడి చేశాను. 0.1 గ్రాము పొడిని 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, మూతపెట్టి మూడు గంటలు ఎండలో ఉంచాను. బుడగలు బాగా వచ్చాయి. వాయువులను వేరుచేసి గుర్తించే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో మాత్రం హైడ్రోజన్ కనబడలేదు. తప్పెక్కడ?
— ఎమ్మెస్సీ విద్యార్థి, హన్మకొండ

జవాబు: ముందు ఆ బుడగల సంగతి. నీళ్లు వేడెక్కితే అందులో కరిగిన గాలి బయటికొస్తుంది. వరంగల్ ఎండకు ఉత్త నీళ్ల సీసాలోనూ అవే బుడగలు లేస్తాయి. పొడి వేయని సీసా ఒకటి, పొడి వేసి నల్లగుడ్డ చుట్టిన సీసా ఒకటి పక్కన పెట్టుకుంటే ఈ అనుమానం అక్కడే తీరేది.

అసలు లోపం, మీరు ప్లాటినం వేయలేదు. వెలుతురు పడగానే పొడిలో ఎలక్ట్రాన్ పైకి లేస్తుంది, దాని వెనక ఒక ఖాళీ మిగులుతుంది. ఎలక్ట్రాన్‌కు వేరే దారి చూపించకపోతే తిరిగి ఆ ఖాళీలోనే పడిపోతుంది. ప్లాటినం రేణువులు దాన్ని పట్టి ఉంచి హైడ్రోజన్‌గా మార్చే చోటునిస్తాయి. మీ పొడికి బరువులో ఒక శాతం, అంటే 1 మి.గ్రా. ప్లాటినం చాలు. దానికి ప్లాటినం ఉండే క్లోరోప్లాటినిక్ ఆమ్లం హెక్సాహైడ్రేట్ 27 మి.గ్రా. తీసుకుని 10 మి.లీ. నీళ్లలో కరిగించి, అందులోంచి 1 మి.లీ. వాడండి. 2.7 మి.గ్రా. నేరుగా తూయబోతే లెక్క తప్పుతుంది. ఉక్కు స్పాచులా తగలనివ్వకండి, ప్లాటినం దానిమీదే పేరుకుంటుంది.

ఆ ఖాళీలను తినడానికి కూడా ఏదో ఒకటి ఉండాలి. 90 మి.లీ. నీళ్లకు 10 మి.లీ. ట్రైఇథనాలమైన్ కలపండి. అప్పుడు ఆక్సిజన్ రాదు, హైడ్రోజన్ మాత్రమే వస్తుంది. కాబట్టి రిపోర్టులో "నీటిని పూర్తిగా విడగొట్టాం" అని రాయకండి. ఎగ్జామినర్ మొదట పట్టుకునేది అదే.

వెలుతురులో పెట్టే ముందు అరగంట నైట్రోజన్ పంపండి. లోపల గాలి మిగిలితే ఎలక్ట్రాన్లను ఆక్సిజనే ఎత్తుకుపోతుంది. మాగ్నెటిక్ స్టిర్రర్ ఆపకండి, పొడి అడుగుకు దిగితే కింది పొరకు వెలుతురు అందదు. ప్లాటినం పట్టుకుంటే లేత పసుపు పొడి బూడిదరంగుకు తిరుగుతుంది.

పొడి రంగు కూడా ఓసారి చూడండి. తెల్లగా ఉంటే సరిగా కాలలేదన్నమాట. మూతపెట్టిన అల్యూమినా క్రూసిబుల్‌లో నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 550కి తీసుకెళ్లి రెండు మూడు గంటలు ఉంచాలి. 600 దాటితే పొడి విరిగిపోతూ తరిగిపోతుంది. అమోనియా బాగా వస్తుంది కాబట్టి ఫ్యూమ్ హుడ్ (పొగలను బయటికి లాగే పెట్టె) తప్పనిసరి.

ఇంకోటి, క్రొమటోగ్రాఫ్‌లో క్యారియర్ గ్యాస్ (నమూనాను మోసుకెళ్లే వాయువు) ఏది? హీలియం అయితే హైడ్రోజన్ ఉన్నా ఉష్ణవాహకత తేడాను చూసే డిటెక్టర్‌లో పీక్ దాదాపు కనబడదు, రెండింటి ఉష్ణవాహకత దగ్గరదగ్గరగా ఉంటుంది. ఆర్గాన్‌కు మార్చి, పాత సెప్టం (సూది గుచ్చే రబ్బరు బిళ్ల) తీసేసి కొత్తది వేసి మళ్లీ చూడండి.

ప్రశ్న: ఎండకు నీళ్ల నుంచి ఇలా హైడ్రోజన్ తీసే పలకలు మిద్దె మీద పెట్టుకుంటే వంటగ్యాస్ ఖర్చు తప్పుతుందా?
— ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: ఇప్పట్లో తప్పదు. జపాన్‌లో 100 చదరపు మీటర్ల పలకలతో చేసి 2021లో ప్రకటించిన ప్రయోగంలో ఎండలోని శక్తిలో హైడ్రోజన్‌గా మారింది గరిష్ఠంగా 0.76 శాతమే. వాళ్లు వాడిన పదార్థం అతినీలలోహిత కిరణాలకే స్పందిస్తుంది, ఎండలో అవి ఉండేదే కొద్దిగా. మనం ఉదారంగా ఒక శాతం అనుకుందాం. చదరపు మీటరుకు రోజుకు 5 యూనిట్ల ఎండ పడితే వచ్చేది సుమారు ఒకటిన్నర గ్రాముల హైడ్రోజన్. 14.2 కిలోల సిలిండర్‌లోని వేడికి సమానం కావాలంటే ఆ ఒక్క చదరపు మీటరు పలకకు దాదాపు పదేళ్లు పడుతుంది! పైగా పలకలోంచి హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసే వస్తాయి, చిన్న నిప్పురవ్వ చాలు పేలడానికి. ఆ డబ్బుతో మామూలు సోలార్ ప్యానెళ్లు వేయించుకుని ఇండక్షన్ స్టవ్ మీద వండుకోండి.