పెరట్ల డ్రమ్ము పాతిపెడితే పనికొస్తదా? నేను రెండుసార్లు పాతిన, అయిందేందో చెప్త

ఏటూరునాగారం దిక్కు గోదావరి ఒడ్డున ఇల్లున్నదని, వానాకాలం వస్తే రాత్రులు నిద్ర పట్టదని, నీళ్లు దూరని డ్రమ్ముల మందులు, టార్చి, బియ్యం, పట్టా కాగితాలు పెట్టి పెరట్ల పాతిపెడితే వరద పోయినంక అక్కరకొస్తయా అని మీరు అడిగిన్రు కదన్నా. అక్కరకొస్తయి, గని పెరట్ల మాత్రం పాతకండి, పట్టా కాగితాలు అసలే పెట్టకండి. ఎందుకో చెప్పాలంటే నా రెండు డ్రమ్ముల సంగతి చెప్పాలె, జర పెద్దగ అయితది, ఓపిక చేసుకొని చదవండి.

మాది భూపాలపల్లి జిల్లా, మోరంచ వాగుకు దగ్గర్ల ఉన్న ఊరు. 2020 ఆగస్టు వానలకు వాగు నీళ్లు మా వాకిట్ల దాక వచ్చి ఆగినయి. ఇంట్లకు రాలేదు గని తొవ్వ తెగింది, మూడు రోజులు కరెంటు లేదు, మా అమ్మకు బీపీ గోళీలు అయిపోయినయి, తెద్దామంటే పోయే దారి లేదు. గా భయం మనసుల ఉండిపోయి 2021 ఎండాకాలంల మొదటి డ్రమ్ము పాతిన. వరంగల్ల పాత డ్రమ్ములు అమ్మేకాడ 50 లీటర్ల నీలం రంగుది కొన్న, మూతకు రబ్బరు వాషరు, చుట్టూ ఇనుప పట్టీతోటి బిగించేది. ఇక్కడ ఒక మాట, డ్రమ్ము కొనేముందు మూత తీసి ముక్కు పెట్టి వాసన చూడండి, పురుగుమందు డ్రమ్ము, కెమికల్ డ్రమ్ము ఎంత కడిగినా వద్దే వద్దు. నాది ఊరగాయ వాసన వచ్చింది, కడిగి రెండు రోజులు ఎండబెట్టిన.

బాత్రూమ్ వెనక రేగడి మన్నుల మూడు ఫీట్లు తవ్వి, సామానంత పెట్టి, మూత బిగించి, చుట్టూ టేపు చుట్టి పూడ్చిన. మస్తు ధైర్యం వచ్చిందనుకోండి.

2022 జులై రెండో వారంల పట్టిన ముసురు మీకు యాదికుండే ఉంటది, భద్రాచలంకాడ గోదావరి 71 అడుగులు దాటిన ఏడు అది. ఒకరోజు పొద్దుగాల మా ఆమె పెరట్లకు పోయి గట్టిగ పిలిచింది, భూమిల నుంచి ఏదో లేస్తున్నదని. పోయి చూస్తే మన్ను పుట్టలెక్క ఉబ్బి పగిలింది, ఆ పగులుల నుంచి నీలం మూత కనపడుతున్నది. డ్రమ్ము పైకి తేలింది. లెక్క చాన సింపుల్, 50 లీటర్ల డ్రమ్ము నీళ్లల్ల మునగాలంటే దాని బరువు 50 కిలోలన్నా ఉండాలె, నా డ్రమ్ము సామానుతోటి కలిపి 18 కిలోలు. మిగిలిన 32 కిలోలు నీళ్లు పైకి తోస్తయి. పొడిగ ఉన్నప్పుడు మీద మన్ను బరువు పట్టుకుంటది గని, వారం రోజులు నానినంక రేగడి బురదే కదా, అది దేన్ని పట్టుకుంటది. పైంగ రేగడి తడిస్తే ఉబ్బుతది, ఎండితే చెయ్యి పట్టేంత పర్రెలిస్తది, ఈ గుంజులాటల డ్రమ్ము పక్కలు కూడ సొట్టపోయినయి.

గని అసలు దెబ్బ లోపల ఉండే. మూత తీస్తే బయటి నీళ్లు ఒక్క చుక్క కూడ పోలేదు, మరి లోపలంత చెమ్మే. మూత అడుగున నీటి బొట్లు వరుసగ అంటుకొని ఉన్నయి. అగ్గిపెట్టె ముట్టుకుంటే మెత్తగ రొట్టెలెక్క అయింది, పుల్ల గీస్తే మందు ఊడి వచ్చింది. బియ్యం సంచి మూతి విప్పినంకనే ముక్కు మూసుకున్నం, ముక్క వాసన, అడుగున గింజలు పచ్చగ అయి గడ్డ కట్టినయి. టార్చిల సెల్లులు అట్లనే వదిలేసిన, అవి కారి స్ప్రింగు మీద తెల్లగ ఆకుపచ్చగ పొడి పేరుకుంది, టార్చి పనికిరాకుండ పోయింది. బీపీ గోళీల స్ట్రిప్పులు చూసేటందుకు మంచిగనే ఉన్నయి గని అమ్మకు వెయ్యబుద్ధి కాలేదు, పారేసిన.

ఈ నీళ్లెక్కడియి అని రెండు రోజులు ఆలోచించిన. మా తాత (మా బాపు వాళ్ల నాయన, అప్పుడు మంచంల ఉన్నడు) విని ఒకటే మాట అడిగిండు, "బియ్యం ఎండబోసినవా?" అని. పొయ్యలేదు. యాసంగి వడ్లు పట్టించినవి అట్లనే పోసిన, మూత బిగించింది కూడ ఒక వాన వెలిసిన సాయంత్రం. అంటే ఆ చెమ్మను లోపల పెట్టి తాళం వేసింది నేనే. బయట తడి లోపలికి రాకుండ ఆపే మూత, లోపలి తడిని బయటికి కూడ పోనియ్యదు కదా. వేడికి బియ్యంల తడి గాలిలకొస్తది, మూత చల్లబడంగనే దానికి నీరై పడుతది, ఇట్ల ఏడాది పొడుగునా.

తాత అప్పుడు పాతర సంగతి చెప్పిండు. మీ ఇంట్ల పెద్దోళ్లను అడగండి, జొన్న పాతర ఎరుకలేని ముసలోళ్లు మన దిక్కు ఉండరు. ఊర్ల ఎత్తుగున్న గడ్డ చూసి, నీళ్లు నిలవని మొరం నేలల గుంత తవ్వి, అడుగున, చుట్టూ వరిగడ్డి మందంగ పేర్చి, జొన్నలు పోసి, మీద మళ్ల గడ్డి వేసి మన్ను కప్పుతరు. పొయ్యకముందు తాత గింజ పండ్ల కింద పెట్టి కొరికేటోడట, కటుక్కుమని ఇరిగితేనే పాతరకు, మెత్తగ నలిగితే ఇంకో ఎండ. తీసేటప్పుడు కూడ ఎంటనే దిగేది లేదు, మూతి తెరిచి ఒకపూట వదిలేసి, దీపం దింపి చూసేటోళ్లు, దీపం ఆరిపోతే మనిషి దిగొద్దు, లోపల ఊపిరాడదు. అట్ల ఎరుక లేక దిగి పాతరల పాణం పోగొట్టుకున్నోళ్లు ఉన్నరు. తాత చెప్పినదాంట్ల నేను పట్టుకున్నయి రెండు, ఎత్తు నేల, ఎండిన గింజ.

రెండో డ్రమ్ము 2023 మే నెలల పాతిన. ఇంట్ల కాదు, ఇంటికి అర కిలోమీటరు దూరంల మా చెల్క ఉన్నది, ఎర్ర నేల, వాగు ఎంత పొంగినా అక్కడికి నీళ్లెక్కిన యాది ఊర్ల ఎవ్వరికి లేదు. ఈసారి 35 లీటర్ల చిన్నది తీసుకున్న. గుంత అడుగున జానెడు కంకర పోసిన, దాని మీద పాత ఇసుర్రాయి, ఇంకో బండ కలిపి 40 కిలోల దాక పెట్టి, డ్రమ్ము చెవులకు నైలాన్ తాడు వేసి ఆ రాళ్లకు కట్టిన. రాయి కూడ నీళ్లల్ల మునిగితే మూడోవంతు పైనే బరువు తగ్గుతది, అందుకని లెక్కకు వచ్చినదానికి రెండింతలు పెట్టుకోవాలె. మూత మీద ఫీటున్నర మన్ను చాలు, ఇంక లోతుకు పోతే ఆపదల తవ్వలేం. పూడ్చినంక మన్ను కుప్పలెక్క ఎత్తుగ పోసి, పై దిక్కున చిన్న కాలువ తీసిన, వాన నీళ్లు పక్కకు పోయేటట్టు.

సామాను రెండు రోజులు రోహిణి ఎండల పెట్టిన. మిట్టమధ్యాన్నం కాదు, ఎండ తగ్గి సామాను చల్లబడ్డంక, గాలి ఇంకా పొడిగ ఉన్నప్పుడే మూత బిగించిన. ప్రతి వస్తువు వేరే వేరే జిప్పు కవర్ల, ఒకటి పాడయితే ఇంకోటి పాడు గావొద్దని. సిలికా జెల్ అరకిలో తెచ్చి పలచటి బట్టల మూటలు కట్టి పెట్టిన, అది తడి గుంజుతది, రంగు మారితే వంటకు వాడని పాత పెనం మీద సన్నమంట మీద వేడి చేసి మళ్ల వాడుకోవచ్చు. నీలం రంగుది తినే సామానుకు తగలనియ్యకండి, దాంట్ల కోబాల్ట్ ఉంటది. సెల్లులు టార్చిల పెట్టలేదు, పక్కన కవర్ల పెట్టిన.

2023 జులై 27 మీకు చెప్పనక్కరలేదు. 27కు తెల్లారే ఆ రాత్రి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్కరోజుల 64 సెంటీమీటర్ల పైన వాన కొట్టింది, పొద్దుగాల వరకు మోరంచపల్లిల మంది మిద్దెలెక్కి చెట్లెక్కి అరుస్తున్నరు, హెలికాప్టర్లు రావలసి వచ్చింది, పాణాలు పోయినయి. మీ దిక్కు కొండాయి ఊరును జంపన్న వాగు ముంచింది కూడ అదే పొద్దు. మా ఇంట్లకు తెల్లవారుజామున నాలుగింటికి నీళ్లొచ్చినయి. చెప్పు కోసం వెతికే టైం కూడ లేదు, పిల్లలను, అమ్మను పట్టుకొని స్లాబు ఎక్కినం. అప్పుడు నా డ్రమ్ము ఎక్కడుంది? అర కిలోమీటరు అవతల, మధ్యల నడుము మీదికి నీళ్లు. ఏడు గంటలు వానల స్లాబు మీద కూసున్నం. ఆ ఏడు గంటలు మమ్ముల కాపాడింది డ్రమ్ము కాదన్నా, మా అమ్మ అటుక మీద కొక్కేనికి తగిలేసిన ఒక ఎరువు సంచి. దాంట్ల పరదా, దుప్పటి, రెండు నీళ్ల సీసలు, పేలాలు బెల్లం, ఆమె గోళీలు. నేను డ్రమ్ముకు చేసిన హడావుడి చూసి ఆమె మాట్లాడకుండ సంచి కట్టి పెట్టుకుంది. ఎక్కేటప్పుడు అది ఒక్కటే అందుకున్నది.

మర్నాడు మధ్యాన్నం నీళ్లు తీసినంక డ్రమ్ము అక్కరకొచ్చింది. నాకు నీళ్లల్ల ఇనుప రేకు తాకి పిక్క కోసుకుపోయింది, నడవరాక మా తమ్ముణ్ని పంపిన. గుర్తుకు పెట్టిన రాయి దుక్కి దున్నేటప్పుడు ట్రాక్టరోళ్లు గట్టు మీదికి జరిపిన్రట, వాడు మూడు చోట్ల తవ్విండు పాపం, గంట పట్టింది. డ్రమ్ము మాత్రం ఎట్ల పెట్టింది అట్లనే ఉంది, అగ్గిపుల్ల ఒక్క గీతకే అంటుకుంది. గాయం కడుగ బెటడిన్, కట్టు బట్ట, టార్చి, ఆడోళ్లకు ప్యాడ్లు (ఇవి మా ఆమె గట్టిగ చెప్పి పెట్టించింది, పక్కింటోళ్లకు కూడ ఇచ్చింది), ఓఆర్ఎస్, క్లోరిన్ గోళీలు. అన్నిట్ల ఎక్కువ పనిచేసింది క్లోరిన్ గోళీలే, ఎందుకంటే బోరింగు, బావి అన్నీ వరద నీళ్లతోటి కలిసినయి. నీళ్లు బట్టల వడగట్టి, స్ట్రిప్పు మీద రాసినంత గోళీ వేసి, అరగంట ఆగి తాగినం. ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లల్ల కలిపితే ఒక రోజుల తాగేయాలె, మిగిలితే పారబొయ్యాలె.

ఇగ మీ సంగతికి వస్త. మీకు గోదావరి ఒకటే కాదు, వాగు భయం కూడ ఉన్నది. గోదావరి జర చెప్పి వస్తది, రామన్నగూడెం ఘాట్ దగ్గర నీటి కొలత చూస్తే ఒకపూట ముందన్నా తెలుస్తది, గని వచ్చినంక రోజుల తరబడి ఉంటది, పోతూ పోతూ మీద ఒండ్రు మేట వేసి పోతది. మీ పెరట్ల పాతితే ఆ వారం పది రోజులు డ్రమ్ము నీళ్ల కింద ఉంటది, మీకు కావలసిన రోజే అందదు, అందినా మేట కింద ఎక్కడుందో దొరకదు. అందుకని ఎత్తు మీద సొంత చెల్క గని, చుట్టాల జాగ గని ఉంటేనే పాతండి. అడవి భూమిల మాత్రం తవ్వకండి, మీది అభయారణ్యం దిక్కు, ఫారెస్టోళ్లతోటి లేనిపోని తిప్పలు. బెల్లం, పల్లీలు వాసన బయటికొస్తే అడవిపందులు గుంత తోడేస్తయి, తినే సామాను అటుక మీదే పెట్టుకోండి, పైంగ పల్లీలకు బూజు పట్టిందంటే మంచిది కాదు.

పట్టా పాసుబుక్కు, సర్టిఫికెట్లు, బంగారం, పైసలు పాతొద్దు. నోట్లు ఒకదానికొకటి అతుక్కుంటయి. ఆధార్ డిజీలాకర్ల ఉంటది, పాసుబుక్కు ఫోటో తీసి పట్నంల ఉన్న పిల్లల ఫోన్లకు పంపండి, అసలుది జిప్పు కవర్ల పెట్టి అటుక సంచిల వెయ్యండి, మీతోటి ఎక్కుతది. పవర్ బ్యాంకు కూడ పాతొద్దు, నెలల తరబడి పడి ఉంటే చార్జింగు దిగిపోతది, ఉబ్బుతది కూడ. పెట్రోలు ముచ్చటే వద్దు, మూసిన డ్రమ్ముల ఆవిరి నిండితే ప్రమాదం. బీపీ, షుగర్ గోళీలు నడిచేవి ఇంట్లనే పదిరోజులవి ఎక్కువ తెచ్చిపెట్టుకోండి.

గుర్తు రాయి ఒకటే పెట్టి ఊకోకండి. నేను ఇప్పుడు తాటిచెట్టు నుంచి ఎన్ని అడుగులు, బోరు మోటరు నుంచి ఎన్ని అడుగులు అని రెండు దిక్కుల కొలిచి క్యాలెండర్ వెనక రాసి పెట్టిన, మా ఆమెకు, తమ్మునికి, పదో తరగతి చదివే మా బిడ్డకు చూపించిన. తవ్వే పార కూడ చెల్కల చెట్టుకే కట్టి ఉంటది.

ప్రతి ఏడు మిరుగు కంటె ముందు, రోహిణి ఎండలున్నప్పుడే డ్రమ్ము తీసి చూస్తం. ఈసారి తీసినప్పుడు క్లోరిన్ గోళీలు తేదీ దాటినయి, మార్చిన, సిలికా జెల్ రంగు తిరిగింది, పెనం మీద వేయించిన, సెల్లులు తీసి రేడియోకు వేసుకొని కొత్తవి పెట్టిన. అమ్మ సంచి మాత్రం అదే కొక్కేనికి ఉంది, దాన్ని ఆమె తప్ప ఎవ్వరు ముట్టరు, నెలకోసారి దింపి పేలాలు మారుస్తది. మీ ఇల్లు స్లాబా, గూనపెంకలా చెప్పండన్నా, గూనపెంకలయితే మీద ఎక్కి కూసునే వీలుండదు, అప్పుడు సంచి ఎక్కడ పెట్టాల్నో వేరే ఆలోచించాలె.