ఎమ్డెన్ గుండ్లు, బొమ్మల కొలువు, ఇద్దరు బావలు: మద్రాసు మిస్టరీ రాసిన అనుభవం

ప్రశ్న: "వందేళ్ల కిందటి మద్రాసులో, ఒకరినొకరు ప్రేమించుకున్న ఇద్దరు తెలుగు మగవాళ్లు చిన్న చిన్న నేరాల గుట్టు విప్పే కథ రాయాలనుంది. కోజీ మిస్టరీ అంటారే, రక్తపాతం లేకుండా కాఫీ తాగుతూ చదువుకునేలా, అలాంటిది. కానీ ఆనాటి చట్టం, సంఘం గుర్తొస్తే ఆ హాయి అబద్ధంలా అనిపిస్తోంది. ఎవరైనా ప్రయత్నించారా?"

ప్రయత్నించానండి. నాలుగేళ్లుగా అదే పని మీద ఉన్నాను. మాది నెల్లూరు జిల్లా. చెన్నై వచ్చి పద్దెనిమిదేళ్లయింది. పురసవాక్కంలో ఒక పాత ఇంటి మేడ మీద నేనూ మావాడూ పన్నెండేళ్లుగా కాపురం ఉంటున్నాం.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. మొదటిసారి రాసినప్పుడు పేజీ పేజీకీ భయం పెట్టాను. నా హీరోలిద్దరూ ఎప్పుడు చూసినా కిటికీలు మూస్తూ, మెట్ల మీద అడుగుల చప్పుడు వింటూ ఉండేవాళ్లు. ఒక ఆదివారం మావాడికి చదవమని ఇచ్చాను. నలభయ్యో పేజీ దగ్గర కాగితాలు పక్కన పెట్టి, "ఒరే, వీళ్లు అన్నం ఎప్పుడు తింటార్రా?" అన్నాడు. వెనక్కి తిప్పి చూస్తే నిజమే. నలభై పేజీల్లో ఒక్క పూట కూడా తినలేదు. నీళ్లు ఎవరు తేవాలని ఒక్కసారీ పోట్లాడుకోలేదు. "2018 తీర్పు రాకముందు కూడా మనం ఈ ఇంట్లోనే ఉన్నాం కదా. రోజూ సెక్షన్ గురించే మాట్లాడుకున్నామా? మోటార్ పాడైతే కిందకి ఎవరు దిగాలని కదా కొట్టుకున్నాం" అన్నాడు.

ఆ మాటతో కథ మళ్లీ మొదటి నుంచి రాశాను. మీరడిగిన హాయి దొరికేది అక్కడే. వాళ్ల ఇంట్లో.

చట్టం సంగతి దాచమని కాదు. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో, ఇద్దరు మగవాళ్ల మధ్య లైంగిక సంబంధాన్ని నేరం చేసిన 377వ సెక్షన్ ఉండేది, శిక్ష యావజ్జీవ ద్వీపాంతరం గానీ, పదేళ్ల వరకు జైలు గానీ. 2009లో ఢిల్లీ హైకోర్టు ఊరట ఇచ్చింది, 2013లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, 2018 సెప్టెంబరు 6న మళ్లీ ఇచ్చింది. ఆ రోజుల టెన్షన్ మాకు బాగా తెలుసు. కానీ ఆ సెక్షన్ శిక్షించింది ఒక చర్యను. ఇద్దరు మగవాళ్లు ఒకే గది అద్దెకు తీసుకోవడం ఆనాటి మద్రాసులో వింత కాదు. గుమాస్తాలు, విద్యార్థులు ఇద్దరు ముగ్గురు కలిసే ఉండేవాళ్లు. కాబట్టి రోజువారీ ప్రమాదం పోలీసు కాదు. "చెప్పేస్తాను" అని బెదిరించి డబ్బు గుంజేవాడు ఒకడు, ఊరి నుంచి వచ్చే పెళ్లి సంబంధం ఉత్తరం ఇంకొకటి. మొదటిదాన్ని నేను ఒక్క అధ్యాయానికి పరిమితం చేశాను. రెండోది కథంతా నడుస్తుంది.

ఇక్కడ తెలుగు మనకి ఒక మాట ఇచ్చింది. బావ.

మేం ఈ ఇల్లు చూడటానికి వచ్చిన రోజు కింద ఉండే పెద్దమ్మ, ఇంటి ఓనరు తల్లి, "మీరిద్దరూ ఏమవుతారు?" అని అడిగింది. నేను "ఫ్రెండ్స్" అనబోతుంటే మావాడు ముందే "బావా బావమరుదులం" అనేశాడు. ఆవిడ ముఖం విచ్చుకుంది. బావా బావమరుదులంటే మనలో ఎంత చనువైనా చెల్లుతుంది. భుజం మీద చెయ్యి వేసినా, మేలమాడినా, ఒకడు అలిగితే ఇంకొకడు బతిమాలినా ఎవరూ వింతగా చూడరు. మేనరికం చేసుకున్న భార్య మొగుణ్ణి పిలిచేదీ అదే మాట. నా మొదటి రాతలో ఇద్దరివీ వేర్వేరు కులాలు. ఆ కాలంలో అలా పెడితే, వంట ఎవరు చేశారు, ఎవరి చేతి నీళ్లు ఎవరు తాగారు అన్నదే వీధికి పెద్ద గొడవ. ప్రతి అధ్యాయంలోనూ అదే వచ్చి కూర్చుంది, నేరం పక్కకి పోయింది. దాన్ని సూటిగా పట్టుకుని రాయగలిగితే రాయండి, మంచి కథ అవుతుంది. నాకు చేతకాలేదు. అందుకే వాళ్లని సొంత మేనత్త కొడుకు, మేనమామ కొడుకు చేశాను. ఒకడు తంబుచెట్టి వీధి పక్కన ఒక తెలుగు అచ్చాఫీసులో ప్రూఫ్ రీడరు. రెండోవాడు, నాలుగేళ్లు పెద్ద, ఒక డాక్టరు దగ్గర కాంపౌండరు.

అయితే బావ అన్నాక ఇంకో చిక్కు ఉంది. ప్రూఫ్ రీడరుకి చెల్లెలుంటే ఆ పిల్లకి కాంపౌండరు వరసైన మొగుడే. ఇంట్లోవాళ్లు ఊరుకుంటారా? నెల్లూరు నుంచి నెలనెలా ఉత్తరం వస్తుంది, "మన పిల్లని బావకి ఇచ్చేద్దాం" అని. కథకి ఇంతకంటే మంచి ముడి నాకు దొరకలేదు. ప్రేమించినవాడి మీద కోపంతో కాదు, ఇష్టంతోనే ఇల్లంతా వాళ్లని విడదీస్తుంది.

ఆ పెళ్లి జరిపించేసి "అందరూ ఒకే ఇంట్లో సుఖంగా ఉన్నారు" అని ముగిస్తే బాగుంటుందని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. దయచేసి మీరు ఆ పని చేయకండి. మా స్నేహితుల్లో ఒకతను ఇంట్లోవాళ్ల ఒత్తిడికి అలాగే పెళ్లి చేసుకున్నాడు. ఆ అమ్మాయి ఆరేళ్లు నలిగింది. తనలో ఏం లోపముందో తెలియక డాక్టర్ల చుట్టూ తిరిగింది. ఆ బాధని హాయి పేరుతో కప్పేయడం నాకు చేతకాదు. అందుకే చెల్లెలికి సొంత జీవితం ఇచ్చాను. అదృష్టం కొద్దీ చరిత్రే సాయం చేసింది. 1914 జూలైలో మద్రాసులో ఆడపిల్లల కోసం ప్రభుత్వ కాలేజీ తెరిచారు, మెరీనా ఒడ్డున. తర్వాత క్వీన్ మేరీస్ అని పేరు మార్చింది దానికే. కందుకూరి వీరేశలింగం గారి మాటలు పట్టిన తండ్రి కాబట్టి పిల్లని అక్కడ చేర్చాడు. పెళ్లి తనకీ వద్దు, చదువు కావాలి. ఆ విధంగా డిటెక్టివులు ముగ్గురయ్యారు.

కాలం ఎంచుకునేటప్పుడు "పాత మద్రాసు" అని వదిలేయకండి, తేదీ పట్టుకోండి. నేను పట్టుకున్నది 1914 సెప్టెంబరు 22, మంగళవారం. రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక వచ్చి సుమారు 130 గుండ్లు కురిపించింది. హార్బరు దగ్గర బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు అంటుకున్నాయి. మర్నాటి నుంచి వేలమంది ఊరు వదిలి పారిపోయారు, స్టేషన్లలో ఇసక వేస్తే రాలనంత జనం. హైకోర్టు ప్రహరీ గోడకి దాని గుర్తుగా ఇప్పటికీ ఒక శిలాఫలకం ఉంది. గట్టిపిండం లాంటి మనిషిని ఈ ఊళ్లో ఇప్పటికీ "ఎమ్డెన్" అంటారు.

ఇళ్లకి తాళాలు వేసి జనం పరుగెత్తారంటే దొంగతనానికి అంతకంటే అదను ఏముంది? అయితే నగలు ఇంట్లో ఎందుకున్నాయి, బ్యాంకులో పెట్టుకోవచ్చుగా అని పాఠకుడు అడుగుతాడు. దానికీ జవాబుంది. 1906 అక్టోబరులో ఆర్బత్‌నాట్ అనే బ్యాంకింగ్ కంపెనీ దివాలా తీసి మద్రాసులో ఎంతోమంది దాచుకున్నది ఊడ్చుకుపోయింది. ఆ దెబ్బ తర్వాతే మనవాళ్లదంటూ ఒక బ్యాంకు ఉండాలని 1907లో ఇండియన్ బ్యాంక్ పెట్టారు. అయినా ఒకసారి కాలినవాళ్లు మళ్లీ నమ్ముతారా? నా కథలో ముసలావిడ నమ్మలేదు. కాసులపేరు ఇంట్లోనే దాచింది.

ఎక్కడ దాచిందో పంచాంగం చూశాక తట్టింది. ఆ ఏడు ఆనంద నామ సంవత్సరం. గుండ్లు పడేనాటికి నవరాత్రులు మొదలై రెండు మూడు రోజులే అయింది. అంటే ఇళ్లలో బొమ్మల కొలువులు పెట్టి ఉంటారు! మా నెల్లూరు ఇంట్లో కొలువు సంక్రాంతికి పెట్టేవాళ్లు, దసరా కొలువు నేను చెన్నైలోనే చూశాను. అందుకే ఇంతకాలం నాకు తట్టలేదు. కొలువులో కిరాణా కొట్టు పెట్టుకుని కూర్చునే సెట్టిగారు, సెట్టెమ్మ బొమ్మలుంటాయి చూడండి, మట్టివి. లోపల డొల్ల, అడుగున బెజ్జం. కాసులపేరు సెట్టెమ్మ కడుపులో ఉంది. ఊరు వదిలేటప్పుడు కొలువు ఎత్తే తీరికా లేదు, మధ్యలో ఎత్తకూడదన్న పట్టింపూ ఉంది. పదిరోజులకి తిరిగొచ్చి చూస్తే బొమ్మ బొమ్మలాగే ఉంది, లోపల ఏమీ లేదు.

ఆధారాలు మాత్రం వాళ్ల ఉద్యోగాల్లోంచే తీయండి. అది నా గట్టి నమ్మకం. ప్రూఫ్ రీడరు ఆ ఏటి పంచాంగం ప్రూఫులు తనే దిద్దాడు. కాబట్టి "ఆ రాత్రి పది గంటలకి వెన్నెల్లో మనిషిని స్పష్టంగా చూశాను" అని ఒకాయన సాక్ష్యం చెబితే, నవరాత్రుల మొదట్లో పది గంటలకి వెన్నెల ఎక్కడిదని వీడికి వెంటనే అనుమానం. చంద్రుడు అప్పటికే అస్తమించాడు. వెలుగంటూ ఉంటే అది హార్బరు వైపు కాలుతున్న నూనెది.

కాంపౌండరుది మందుసీసా. మా తాత ఊళ్లో కాంపౌండరుగా చేశాడు, అందుకని ఇది నా కళ్లతో చూసింది. సన్నటి కాగితం పట్టీని నిలువుగా మడిచి, అంచున కత్తెరతో మెట్లు మెట్లుగా కత్తిరించి, విప్పి, మిక్చర్ సీసాకి గంజితో అంటించేవాడు. ఒక్కో మెట్టు ఒక్కో మోతాదు. కథలో అందరూ పారిపోయినా కదల్లేని ఇంకో ముసలావిడ ఇంట్లోనే ఉండిపోయింది. "శుక్రవారం దాకా నేను పక్కనే ఉండి పూటపూటా మందు పోశాను" అంటాడు ఆవిడ మేనల్లుడు. సీసా మంగళవారం ఉదయం ఇచ్చింది. కాంపౌండరు దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంటాడు. దిగింది రెండే మెట్లు.

ఇక మాట తీరు. ప్రేమని చూపించడానికి "ప్రేమిస్తున్నాను" అక్కర్లేదు, మనకి నువ్వు, మీరు ఉన్నాయి. పోలీసుల ముందు, దొరల ముందు వాళ్లు "కాంపౌండరు గారూ, మీరేమంటారు?" అనుకుంటారు. మెట్లెక్కి తలుపు వేయగానే "బావా, నువ్వు" మొదలవుతుంది. పోట్లాట వస్తే మళ్లీ ఇంట్లోకి "మీరు" వస్తుంది. ఇది నేను ఊహించి రాసింది కాదు. మావాడికి కోపం వస్తే "తమరు కాఫీ తాగుతారా అండీ" అంటాడు, ఆ "అండీ" వింటే నాకు రోజంతా పని సాగదు. గుండ్లు పడ్డ రాత్రి సీన్ చాలాసార్లు రాసి చింపాను. కౌగిలింతలు, కన్నీళ్లు, అన్నీ పెట్టి చూశాను. చివరికి మిగిలింది ఇంతే. కాంపౌండరు చీకట్లో అచ్చాఫీసు దాకా పరుగెత్తుకొస్తాడు. వీడు అతని కాళ్ల వంక చూసి, "చెప్పులేవి బావా?" అంటాడు. అతను కిందకి చూసుకుని, "ఏమో" అంటాడు.

వాళ్ల నోట "గే" అన్న మాట పెట్టకండి, ఆ కాలానికి లేదు. "స్వలింగ సంపర్కులు" అన్న మాట కథకుడి నోటా వద్దు, ఛార్జిషీటులా ఉంటుంది. "మావాడు" చాలు. నేను ఇప్పటికీ అలాగే అంటాను, మీరు గమనించే ఉంటారు.

బెదిరింపు అధ్యాయం ఎలా తేల్చానో కూడా చెప్తాను, ఎందుకంటే హాయి నిలబడేదీ పడేదీ అక్కడే. ప్రూఫ్ రీడరు రాసిన ఒక ఉత్తరం దొంగ చేతిలో పడుతుంది. అది తిరుగుతూ తిరుగుతూ కింద వాటాలో ఉండే విధవరాలి దగ్గరికి చేరుతుంది. ఆవిడకి చదవడం వచ్చు. చదువుతుంది. తర్వాత పొయ్యిలో పెట్టి, దాని మీదే కాఫీకి నీళ్లు కాచి, ఇద్దర్నీ కిందకి పిలుస్తుంది. ఏమీ అడగదు.

ఇలాంటి మనుషులు ఆ కాలంలో ఉంటారా అని ఒక పాఠకురాలు అడిగింది. 2018లో తీర్పు వచ్చిన సాయంత్రం టీవీలన్నీ అదే వార్త చెబుతున్నాయి. మా పెద్దమ్మ మోకాళ్ల నొప్పులతో మేడ ఎక్కడం మానేసి అప్పటికి ఏడాది. ఆవేళ ఎక్కింది. చేతిలో స్టీలు గిన్నెడు సేమ్యా పాయసం. "ఏం విశేషం పెద్దమ్మా?" అన్నాను. "విశేషముంటేనే చేసుకోవాలా? బావకి కూడా పెట్టు. గిన్నె మాత్రం రేపు ఇచ్చేయండి" అని దిగిపోయింది. కాబట్టి ఉంటారు. ధైర్యంగా రాయండి.

మొదలుపెట్టే ముందు ఒక ఉదయం హైకోర్టు దగ్గర ఆ ఫలకం చూసి, అక్కడి నుంచి తంబుచెట్టి వీధి మీదుగా కన్యకాపరమేశ్వరి గుడి ఉన్న కొత్వాల్ చావడి దాకా నడవండి. మెట్రో దిగితే దగ్గరే. మీ కాంపౌండరు చెప్పుల్లేకుండా ఎంత దూరం పరుగెత్తాడో మీ కాళ్లకే తెలుస్తుంది. మొదటి అధ్యాయం అయ్యాక ఇక్కడే పెట్టండి. ఇద్దరం చదువుతాం.