ఇంజనీరు ఉద్యోగం మానకుండా ఫొటోగ్రఫీ చేయొచ్చా? నా 30 ఏళ్ల అనుభవం

"ఇంజనీరుగా చేస్తున్నాను, ఫొటోగ్రఫీ అంటే ప్రాణం, ఉద్యోగం మానేస్తే తప్ప ఇందులో ఎదగలేనా?" అని అడిగారు. మానక్కర్లేదండీ. నేను 30 ఏళ్లు కరెంటు సబ్‌స్టేషన్లలో పనిచేశాను, కెమెరా అంతకు ముందు నుంచే ఉంది, ఇప్పటికీ ఉంది.

మొదటిది సెకండ్ హ్యాండ్‌లో కొన్న యాషికా. రీలుకి 36 ఫొటోలు. రీలు కొనడం, కడిగించడం, ప్రింట్లు అన్నీ కలిపితే జీతానికి బాగానే చిల్లు పడేది, అందుకని ఊరికే నొక్కే వీలుండేది కాదు. మా చెల్లి పెళ్లికి తీసిన రీలు మొత్తం ఖాళీగా వచ్చింది. ఫిల్ము అంచు లోపలి స్పూల్‌కి పట్టుకోలేదు, నేను లివర్ తిప్పుతూనే ఉన్నాను, ఫిల్ము మాత్రం కదల్లేదు. చెల్లి ఒక్క మాట కూడా అనలేదు గానీ ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. ఆ తర్వాత లివర్ తిప్పిన ప్రతిసారీ ఎడమవైపు రివైండ్ నాబ్ తిరుగుతోందా లేదా అని చూసుకునేవాణ్ణి, అది తిరిగితేనే లోపల ఫిల్ము నడుస్తున్నట్టు.

డ్యూటీలో గంటగంటకీ లాగ్‌షీటు రాయడం మా పని. అదే అలవాటుతో ప్రతి ఫ్రేముకీ అపర్చర్ (లెన్సు ఎంత తెరుచుకుందో), షట్టర్ స్పీడ్ (వెలుతురు ఎంతసేపు లోపలికి వచ్చిందో), వెలుతురు ఎటు నుంచి పడిందో చిన్న పుస్తకంలో రాసుకునేవాణ్ణి. ప్రింట్లు చేతికొచ్చాక ఆ పుస్తకం పక్కన పెట్టుకుని చూస్తే, ఫ్రేము నిండా నల్ల గేదె ఉన్నప్పుడు వెలుతురు కొలిచే మీటరు మోసపోయి గేదె బూడిదరంగులోకి ఎందుకు తేలిపోయిందో అర్థమైంది. నాకు ఫొటోగ్రఫీ నేర్పింది ఆ లెక్కల పుస్తకమే.

ఇక ఫొటోగ్రఫీ ఉద్యోగానికి పనికొచ్చిన సంగతి. సబ్‌స్టేషన్ యార్డులో క్లాంపులు, ఐసోలేటర్ (లైనుని విడదీసే స్విచ్చు) జాయింట్లు వేడెక్కుతున్నాయేమో, వేడిని బొమ్మగా చూపించే థెర్మోవిజన్ కెమెరాతో చూస్తాం. అందులో వేడి ఎక్కువున్న చోటు తెల్లగా కనిపిస్తుంది. ఒకసారి మెరిసే అల్యూమినియం క్లాంపు మీద తెల్లటి మచ్చ కనిపించింది, లైను ఆపేద్దామని అందరూ కంగారు పడ్డారు. నేను నాలుగడుగులు పక్కకి జరిగి చూశాను, మచ్చ కూడా నాతోపాటే జరిగింది. అంటే అది ప్రతిబింబం, నిజమైన వేడి అయితే ఉన్నచోటే ఉంటుంది. నిగనిగలాడే వస్తువుల్ని ఫొటోలు తీసి తీసి వచ్చిన చూపు అది.

లెన్సుకి ఫంగస్ పట్టకుండా ఏం చేయాలో కూడా ఉద్యోగమే చెప్పింది. ట్రాన్స్‌ఫార్మర్ లోపలికి వెళ్లే గాలిలో తేమని ఆపే బ్రీదర్‌లో నీలం రంగు సిలికా జెల్ ఉంటుంది, తేమ పీల్చుకుంటే గులాబీ రంగుకి మారుతుంది. అదే రకం బజార్లో కొని, గట్టిగా మూతపడే డబ్బాలో కెమెరాతో పాటు పెట్టాను. మా కోస్తా ఉక్కకి ఇది చాలా అవసరం.

టైము ఎక్కడిది అంటారా, నైట్ షిఫ్ట్ దిగి తిన్నగా గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువుకి వెళ్లేవాణ్ణి. చెరువు మధ్య తుమ్మచెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. పిల్ల తన తలంతా తల్లి గొంతుసంచిలో దూర్చి చేపలు తింటుంది, ఆ క్షణం ఫొటోలో నాకు సరిగ్గా పడటానికి మూడేళ్లు పట్టింది. ఊళ్లు తిరగడం కన్నా ఒకే చెరువుకి వందసార్లు వెళ్లడం ఉద్యోగస్తులకి కుదిరే పని, నా మటుకు నాకు అదే మంచి దారి కూడా.

పందొమ్మిదో శతాబ్దంలో పేరుమోసిన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ కూడా రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇందోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో పనిచేస్తూనే కెమెరా పట్టారు. హైదరాబాదులో ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయింది ఆ తర్వాతే. చివరికి ఆయన ఉద్యోగం వదిలేసిన మాట నిజమే, కానీ చెయ్యి తిరిగింది మాత్రం ఉద్యోగంలో ఉన్న ఏళ్లలోనే.

మీ ఊరి దగ్గర చెరువు ఉందా, సంత ఉందా, మీకు సెలవు ఏ రోజు? చెప్పండి, ఎక్కడ మొదలుపెట్టాలో మాట్లాడుకుందాం.