డబ్బిచ్చి మరీ ఎందుకు ఓడిపోతాం?

(వీడియో గేమ్‌ల గురించి పాఠకుల ప్రశ్నలకు బెంగళూరులో గేమ్ టెస్టర్‌గా పనిచేస్తున్న మా కాలమ్ రచయిత్రి జవాబులు)

ప్రశ్న: అక్కా, మాది నంద్యాల. మారతహళ్లిలో పీజీలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. రాత్రి భోజనం అయ్యాక ల్యాప్‌టాప్‌లో 'కప్‌హెడ్' ఆడతాను. వారం రోజులుగా ఆ డ్రాగన్ దగ్గరే చస్తున్నాను. 'పగలంతా ఆఫీసులో తిట్లు, రాత్రి డబ్బిచ్చి మరీ తన్నులు, ఏంట్రా నీకిది' అని రూమ్మేట్ నవ్వుతున్నాడు. వాడికి ఏం చెప్పాలో తెలియదు. ఆట మాత్రం వదలబుద్ధి కావడం లేదు. ఎందుకంటారు?
– ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: తమ్ముడూ, ముందు ఆ డ్రాగన్ సంగతి చూద్దాం. దాని పేరు గ్రిమ్ మ్యాచ్‌స్టిక్. నువ్వేమో కదిలే మబ్బుల మీద గెంతుతూ ఉండాలి. అదేమో కళ్లలోంచి కిరణాలు వదులుతుంది, కింద నుంచి తోకతో పొడుస్తుంది. అది దాటితే నాలుక చాపి దాని మీద నిప్పు పిల్లల్ని వరసగా నడిపిస్తుంది. వాటిలో ఒకటి ఉన్నట్టుండి ఎగిరి మీద పడుతుంది. అదీ దాటితే మూడు తలలు. నీకేమో మూడు దెబ్బలు తగిలితే ఆట సరి. దానికి వారం పట్టడంలో వింతేమీ లేదు.

చచ్చిన ప్రతిసారీ ఆ ఆట ఏం చేస్తుందో గమనించావా? బాస్, అంటే ఆటలో మనం ఓడించాల్సిన పెద్ద శత్రువు, ఒక ఎగతాళి మాట అంటాడు. ఆ మాట కింద ఒక గీత ఉంటుంది. ఆ గీత మీద నీ బొమ్మ పరుగెత్తి, నువ్వు ఎంతదాకా వచ్చావో అక్కడ ఆగుతుంది. ఒక్క బటన్ నొక్కితే మళ్లీ మొదలు. గెలిచే పోరు కూడా మహా అయితే రెండు మూడు నిమిషాలు. నీ ఉద్యోగంలో అలాంటి గీత ఎక్కడైనా ఉందా చెప్పు. నెలల తరబడి రాసిన కోడ్ క్లయింటు మనసు మారగానే పక్కకు పోతుంది. అప్రైజల్‌లో రేటింగ్ ఎందుకు తగ్గిందో ఎవరూ సరిగ్గా చెప్పరు. డ్రాగన్ మాత్రం చెబుతుంది: నిన్న తోక దగ్గర పోయావు, ఇవాళ నాలుక దాకా వచ్చావు. నువ్వు వదల్లేనిది ఆ నిజాయితీనే అని నేను నమ్ముతున్నాను. తన్నులు తినడం ఇష్టమై ఎవరూ ఇలాంటి ఆటలు ఆడరు. తన్ను ఎందుకు తగిలిందో తెలుస్తుంది, రేపు తగలకుండా చూసుకోవడం మన చేతుల్లోనే ఉంటుంది, అందుకు ఆడతారు.

అయితే కష్టమైన ప్రతి ఆటా నిజాయితీ గలది కాదు. ఆ తేడా పట్టుకోవడమే నా పని. బాస్ పోరు టెస్ట్ చేసేటప్పుడు మేం చచ్చిన వీడియోను ఫ్రేమ్ ఫ్రేమ్‌గా వెనక్కి తిప్పి చూస్తాం. రెండే ప్రశ్నలు. దెబ్బ రాబోతోందని ఆటగాడికి సైగ కనిపించిందా? కనిపించాక తప్పించుకోవడానికి చోటు ఉందా? రెండింటికీ అవునంటే, ఆ బాస్ ఎంత రాక్షసుడైనా మాకు అభ్యంతరం లేదు. ఒక్కదానికి కాదన్నా బగ్ రాసి వెనక్కి పంపుతాం.

కప్‌హెడ్ సెకనుకు 60 ఫ్రేములు నడుస్తుంది. కంటికి కనిపించినదానికి వేలు కదలడానికి మనిషికి దాదాపు పావు సెకను పడుతుంది. అంటే 15 ఫ్రేములు. ఈలోగా తగలాల్సింది తగిలే పోతుంది. కాబట్టి దెబ్బను చూసి తప్పుకోవడం కుదరదు. దెబ్బకు ముందు బాస్ ఒళ్లు ఎలా వంచాడో చూసి తప్పుకోవాలి. చెడుగుడులో కూతకు వెళ్లినవాడు పట్టేవాళ్ల చేతుల కన్నా పాదాల మీద ఎక్కువ కన్ను వేసి ఉంచుతాడు కదా, అలాగన్నమాట. ఏ దాడి తర్వాత ఏది వస్తుందో ప్రతిసారీ ఒకేలా ఉండదు గనుక బట్టీ పడితే లాభం లేదు. సైగలు చదవడం నేర్చుకోవాల్సిందే.

కప్‌హెడ్ బొమ్మలు 1930ల నాటి అమెరికన్ కార్టూన్ల పద్ధతిలో, సెకనుకు 24 చొప్పున, కాగితం మీద చేత్తో గీసినవి. అదంతా అందం కోసమే అని చాలామంది అనుకుంటారు. నాకు అంతకన్నా ఎక్కువే కనిపిస్తుంది. ఆ కాలపు కార్టూన్లలో ఎవడైనా కొట్టే ముందు ఒళ్లంతా వెనక్కి లాగి, సాగి, అప్పుడు కొడతాడు. బాస్ పోరుకు కావలసింది సరిగ్గా అదే. సైగ బొమ్మలోనే ఉంది.

ఆ ఆట తీసిన కెనడా అన్నదమ్ములు చాడ్, జారెడ్ మోల్డెన్‌హావర్‌లు కాంట్రా, మెగా మ్యాన్ లాంటి ఆటల అభిమానులు. ఇళ్లు తాకట్టు పెట్టి మరీ పూర్తిచేశారు. 2017 సెప్టెంబర్‌లో విడుదలైంది. కాంట్రా అంటే మా వయసు వాళ్లకు వెంటనే వెలుగుతుంది: వేసవి సెలవులు, టీవీకి తగిలించే వీడియో గేమ్, పసుపు రంగు క్యాసెట్. అప్పటి ఆటలు అంత కష్టంగా ఉండటానికి ఒక కారణం క్యాసెట్‌లో చోటు లేకపోవడం. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం కలిపి 40 కిలోబైట్లే. అంత చిన్న ఆట ఒక్క పూటలో అయిపోకూడదంటే ఆటగాణ్ని చంపుతూ ఉండాలి, ప్రాణాలు అయిపోతే మొదటికి పంపాలి. ఇప్పుడు పాత తరహాలో ఆటలు తీస్తున్న ఇండీ వాళ్లలో (పెద్ద కంపెనీల అండ లేకుండా సొంతంగా ఆటలు తీసే చిన్న బృందాల్లో) చాలామంది ఆ కష్టాన్ని ఉంచి, మొదటికి పంపే శిక్షను మాత్రం తీసేశారు. పాత ఆటల మీద వీళ్లు సాధించిన అసలైన మెరుగు ఇదే, నన్నడిగితే.

ఇక నీకు రెండు మాటలు. మొదటి కొన్ని పోరుల్లో కాల్చడం మానేసి తప్పించుకోవడం మీదే దృష్టి పెట్టు. సైగలు త్వరగా పట్టుబడతాయి. ఒకే చోట వరసగా పోతుంటే ల్యాప్‌టాప్ మూసి పడుకో. చేతికి కొత్తగా వచ్చిన నేర్పు నిద్రలో గట్టిపడుతుందని పరిశోధనల్లో తేలింది. పొద్దున క్యాబ్ వచ్చేలోపు ఒకసారి ఆడి చూడు, నీకే తెలుస్తుంది.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. 'సిల్క్‌సాంగ్' అనే ఆట ఆడుతూ గదిలోంచి ఒకటే అరుపులు. మొన్న టేబుల్ మీద గుద్దాడు. ఇది వ్యసనమా? డబ్బులు పోయే ఆటా? నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, కె.ఆర్. పురం

జవాబు: ఆంటీ, ముందు డబ్బు భయం తీసేయండి. సిల్క్‌సాంగ్ ఒకసారి కొంటే అయిపోతుంది. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి నిషేధించిన డబ్బు పందేల ఆటల కోవలోకి ఇది రాదు. ఫోన్‌లో ఆడే ఆటలు చాలావరకు ఓడినప్పుడల్లా 'ఇంత కట్టండి, సులువు చేస్తాం' అంటాయి. ఇందులో గెలుపు అమ్మరు.

అరుపుల విషయానికొస్తే, ఆ ఆటలో మొదట ఉండేవి ఐదు ప్రాణాలు. చాలామంది బాస్‌లు కొట్టే దెబ్బకు ఒకేసారి రెండు పోతాయి. అంటే మూడు తగిలితే అయిపోయింది. అరుపు రావడం సహజమే. గుద్దడం సహజం కాదు, గుద్దిన రోజు ఆట ఆపించండి. మీరు భోజనానికి పిలిస్తే ఆ పోరు ముగియగానే లేచి వస్తున్నాడా? అయితే కంగారు వద్దు. తిండి, నిద్ర, కాలేజీ మానేస్తుంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుతో మాట్లాడండి.

ఒక సాయంత్రం వాడి పక్కన కూర్చుని 'అది ఇప్పుడేం చేయబోతోందిరా?' అని అడిగి చూడండి. ముందే చెప్పేస్తాడు: ఇప్పుడు దూకుతుంది, ఇప్పుడు విసురుతుంది అని. వాడు అక్కడ ఎంత నేర్చుకున్నాడో అప్పుడు మీకు కనిపిస్తుంది. వీలైతే దీని ముందు ఆట 'హాలో నైట్'లో మాంటిస్ లార్డ్స్ పోరు చూపించమనండి. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో టీమ్ చెర్రీ అనే చిన్న బృందం తీసిన ఆట అది, 2017లో వచ్చింది. గొల్లభామల రూపంలో ఉండే ఆ ముగ్గురిలో మొదట ఒకరు వస్తారు. ఆమె ఓడాక మిగతా ఇద్దరూ కలిసి దిగుతారు. చాలా కష్టం. గెలిచామా, వాళ్లు మనకు తల వంచి నమస్కరిస్తారు. అంతవరకు కనిపిస్తే మీదపడిన వాళ్ల ఊరివాళ్లు ఆ తర్వాత మన జోలికి రారు. పడి లేచి నేర్చుకున్నవాణ్ని ఎదుటివాళ్లు అలా గౌరవించడం చూసినప్పుడల్లా నా మనసు నిండిపోతుంది. ఇన్నేళ్లుగా ఇన్ని ఆటలు చూశాను, నాకు అంతకన్నా ఇష్టమైన చోటు లేదు.

ప్రశ్న: ఈజీ మోడ్‌లో ఆడుతున్నానని ఫ్రెండ్స్ ఏడిపిస్తున్నారు. తప్పా అక్కా?
– ఒక పాఠకురాలు, బీటీఎం లేఔట్

జవాబు: ఏమాత్రం తప్పు కాదు. 2018లో వచ్చిన 'సెలెస్ట్' చాలా కష్టమైన ఆట. అందులో అసిస్ట్ మోడ్ పెట్టుకుంటే వేగం సగం దాకా తగ్గించుకోవచ్చు, అసలు చావే లేకుండా కూడా ఆడుకోవచ్చు. కథ చివరిదాకా చూడనిస్తుంది. కప్‌హెడ్‌లో అలా కాదు. సింపుల్ మోడ్‌లో కొన్ని దశలు తీసేస్తారు, కానీ బాస్‌ను ఓడిస్తే మామూలుగా దక్కే ఒప్పంద పత్రం గెలిచినా చేతికి రాదు. అవి లేనిదే చివరి బాస్‌ల దగ్గరికి పోనివ్వరు. ఆ ఆట నాకు ప్రాణం, ఆ నిర్ణయం మాత్రం నచ్చలేదు. మణికట్టు నొప్పి ఉన్నవాళ్లు, చూపు తక్కువైనవాళ్లు ఆ చివరి బొమ్మలు చూడకూడదా? నీ ఫ్రెండ్స్‌ని ఈ మాట అడుగు.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌ను టీవీకి కలిపి ఆడితే ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యంగా దూకుతున్నట్టు ఉంటోంది. నా వేళ్లదా తప్పు?
– ఒక పాఠకుడు, యలహంక

జవాబు: టీవీ మీద నాకు అనుమానం. బొమ్మకు మెరుగులు దిద్దడానికి టీవీ కొంత సమయం తీసుకుంటుంది. ఆ కాస్త ఆలస్యం సినిమాలో తెలియదు, బాస్ పోరులో ప్రాణం తీస్తుంది. పిక్చర్ సెట్టింగుల్లోకి వెళ్లి గేమ్ మోడ్ ఆన్ చేయండి. కంట్రోలర్‌ను బ్లూటూత్‌తో కాక కేబుల్‌తో కలపండి. శబ్దం విని దూకే అలవాటు ఉంటే బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు కూడా తీసేయండి. ఆ తర్వాత అదే బాస్‌తో ఒకసారి టీవీలో, ఒకసారి ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద ఆడి చూడండి. తేడా ఏమీ కనిపించకపోతే అప్పుడు దూకే వేళ మీరే సరిచేసుకోవాలి.